తంతువు నుండి తంత్రి వఱకు: సర్ జాన్ పెండరు చరిత్రము



సంస్కృతమున ‘తన్’ అను ధాతువు కలదు. విస్తరించుట, సాఁగదీయుట దాని యర్థము. ఆ ధాతువునుండియే నూలుపోఁగునకుఁ దంతువనియు, మగ్గమునకుఁ దంత్రమనియు, వీణాదుల తీఁగెకుఁ దంత్రియనియుఁ బేళ్లు గలిగినవి. నేఁతగాఁడు తంతువాయుఁడు. ఆ తంత్రీశబ్దమే తెలుఁగునఁ దంతియై, తీఁగెమీఁద వార్తలు పంపు సాధనమునకుఁ బేరై నిలిచినది. పోఁగును సాఁగదీయు విద్యయుఁ దీఁగెను సాఁగదీయు విద్యయు శబ్దశాస్త్రమును బట్టి యేకోదరములు. ఇది మాటల చమత్కారము మాత్రమే కాదు. నూలుబట్టల వర్తకముతో జీవితము నారంభించి, సముద్రగర్భమునఁ దీఁగెలు పఱపించి, పెక్కు దేశముల ప్రభుత్వములును వర్తకులును దనకు బాట సుంకము చెల్లించునట్లు చేసికొనిన పురుషుఁ డొకఁడు పందొమ్మిదవ శతాబ్దమున నుండెను. ఆతఁడు సర్ జాన్ పెండరు.

భావనర్షిని గొలుచు మనము మన మహాసభా సంచికలో స్కాట్లండు దేశీయుని చరిత్రము నేల చదువవలెనని కొందఱు సందేహింపవచ్చును. కులపెద్దల చరిత్రములును, దాతల ప్రశస్తులును నిట్టి సంచికలలో వెలువడవలసినవే. కాని మన మగ్గమును మూలఁ బెట్టించిన వర్తకము నడపినవారి చరిత్రమును గూడ మన మెఱుఁగవలెను. పెండరు విక్రయించిన వస్త్రము మన మగ్గమునకు శత్రువు. ఆతఁడు నడపిన వ్యాపారపద్ధతి మనకు గురువు. శత్రుత్వమును గురుత్వమును నొక్కనియందే కలసియుండుటచేత నీ చరిత్రము మన కవశ్యపఠనీయమని మే మెంచితిమి.

జన్మభూమి

పెండరు 1816వ సంవత్సరము సెప్టెంబరు 10వ తేదిని స్కాట్లండు దేశమున డంబార్టన్ మండలములోని లీవెన్ లోయలో జన్మించెను. ఆ లోయలోని నదీజలము రంగుల యద్దకమునకు మిక్కిలి యనుకూలము. పందొమ్మిదవ శతాబ్దమున నచ్చటి కర్మాగారములు ‘తుర్కీ యెఱుపు’ అను రంగు వేసిన నూలుబట్టలకుఁ బ్రసిద్ధి గాంచెను. ఆ యెఱ్ఱబట్టలు విశేషముగ నెగుమతి యైన దేశములలో మన భారతదేశ మొకటి.

ఇచ్చట మనవారు స్మరింపఁదగిన విషయ మొకటి కలదు. అంతకు రెండువందల యేండ్లకుఁ బూర్వము తూర్పుసముద్రపు రేవులలో మేలైన యెఱ్ఱబట్ట యనఁగా మచిలీబందరు బట్టయే. కృష్ణా సాగరసంగమ ప్రాంతమునఁ బండిన చిరివేరుతో మనవారు వేసిన యెఱుపు ఉదుకుకొలఁది నిగ్గుదేఱెడిది. నాఁటి పరదేశీయులు పెటపోలి యనుచు వచ్చిన నిజాంపట్టణపుఁ జిరివేరు శ్రేష్ఠమని వాడుక. ఆ బట్టలకై పారసీకులు వచ్చిరి, డచ్చివారు వచ్చిరి. 1611వ సంవత్సరమున ‘గ్లోబు’ అను నోడమీఁద నాంగ్లేయులు వచ్చి మచిలీపట్టణమున వర్తకశాల నెలకొల్పిరి. చిరివేరులోను, తుర్కీ యెఱుపునకు వాడిన మంజిష్ఠజాతి వేరులోను బ్రధానమైన రంగుపదార్థ మొక్కటియే యని రసాయనశాస్త్రజ్ఞులు చెప్పుదురు. కావున మన రంగు వారి రంగునకుఁ దీసిపోయినది కాదు. మన చేయి వారి చేతికిఁ దీసిపోయినది కాదు. ఆవిరియంత్రమును, ఓడయు, మూలధనమును, రాజ్యాధికారమును వారియొద్ద నుండెను. సరకు మనదైనను బాట వారిదయ్యెను.

బట్టల వర్తకము

పెండరు గ్లాస్గో పట్టణపు బాఱడిలోఁ జదివి, యొక కర్మాగారపుఁ గచేరిలో నుద్యోగియై, 21 యేండ్ల ప్రాయముననే దానికిఁ గార్యనిర్వాహకుఁ డయ్యెను. పిమ్మట గ్లాస్గోనగరమునను, మాంచెస్టరునగరమునను దానే వర్తకుఁడై నూలుబట్టలను దూరదేశములకుఁ బంపుచు ధనవంతుఁ డయ్యెను. దూరదేశపు వర్తకుని నిత్యకష్టము వార్త యందకుండుటయే. ఏ రేవునఁ బ్రత్తి వెల యెంత, ఏ దేశమున బట్టకు గిరాకి యెట్లున్నది యని తెలియుటకు వారములును నెలలును బట్టుచుండెను. 1861 మొదలు 1865 వఱకు నమెరికాలో జరిగిన యంతర్యుద్ధమువలనఁ బ్రత్తి రాక నిలిచిపోయి మాంచెస్టరు మిల్లులు మూఁతపడెను. మన దేశపుఁ బ్రత్తికి వెల పెచ్చుపెరిఁగి చెన్నరాజధానిలోని నేఁతవారు నూలు కొనలేక బాధపడిరి. యుద్ధము ముగియుటతో వెల పడిపోయి బొంబాయిలోఁ గోటీశ్వరులు దివాలా తీసిరి. ముందుగా వార్త యందినవాఁడు బ్రదికెను, అందనివాఁడు చెడెను. ఇట్టి కాలమున బట్టల మూటకంటె వార్త విలువైన సరకని పెండరు గ్రహించెను.

మొదటి ప్రయత్నములు

నీటిలో విద్యుత్తు చెదరిపోకుండఁ దీఁగెకుఁ దొడుగు కావలెను. మలయా యడవులలోని చెట్లపాలనుండి తీయు గట్టాపెర్చా యను జిగురు దాని కుపయోగపడెను. 1851లో నింగ్లండు ఫ్రాన్సుల నడుమ సముద్రమునఁ దంతి పడెను. 1852లో నింగ్లండు నైర్లండులను గలుపఁ బూనిన సంఘమునఁ బెండరు భాగస్థుఁడును, నిర్వాహకులలో నొకఁడును నయ్యెను. 1856లో నట్లాంటికు మహాసముద్రమునఁ దంతి వేయుటకుఁ గంపెనీ యేర్పడఁగా, తలకు 1,000 పౌనుల చొప్పున నిచ్చిన 345 మందిలో నాతఁ డొకఁడు.

1857లో వేసిన తంతి తెగిపోయెను. 1858 ఆగస్టులో వేసినది పలికెను. విక్టోరియా రాణి పంపిన 98 మాటల సందేశము దరిఁ జేరుటకుఁ బదాఱు గంటలు పట్టెను. మూఁడు నాలుగు వారములకే యా తంతి మూగపోయెను. సముద్రమునఁ బోసిన ధనము సముద్రము పాలయ్యెనని లోకులు నవ్విరి.

1859, 1860 సంవత్సరములలో నెఱ్ఱసముద్రము మీఁదుగఁ గరాచీ వఱకు వేఱొక కంపెనీ వేసిన తంతియు నట్లే నశించెను. ఆంగ్ల ప్రభుత్వము ముందుగా నిచ్చిన పూచీని బట్టి, చెడిన యా తంతి కేఁటేఁట 36,000 పౌనుల చొప్పున నేఁబది యేండ్లు చెల్లింపవలసి వచ్చెను. ఇట్టి యనుభవముల తరువాత సముద్రతంతి యనిన సాహుకారులు తలుపులు మూసికొనుట సహజము.

పెండరు పూచీ

ఆతని ప్రజ్ఞ యీ తరుణమునఁ దేటపడెను. గట్టాపెర్చా తొడుగువేయు కంపెనీ యొకటి, ఇనుపతీఁగెల కవచమల్లు కంపెనీ వేఱొకటిగా నుండుటచేతఁ దంతి చెడినప్పుడు తప్పు నీదన నీదని వాదులాడుట కెడమయ్యెడిది. 1864లోఁ బెండరు రెండింటిని నేకము చేయించెను. తొడుగువేయు కంపెనీవారు నష్టభయముచే వెనుదీయఁగా, 2,50,000 పౌనులకుఁ దన సొంత పూచీ నిచ్చెను. అట్లేర్పడిన తంతి నిర్మాణ సంఘమునకుఁ దానే యధ్యక్షుఁ డయ్యెను. ప్రయాణికుల నౌకగా విఫలమై పడియున్న ‘గ్రేట్ ఈస్టర్న్’ అను 692 అడుగుల మహానౌక యొక్కటియే యట్లాంటికు తంతినంతయు మోయఁగలదని దానిని వినియోగించిరి.

1865 ఆగస్టు 2వ తేదిని మూఁడింట రెండుపాళ్లు సముద్రము దాఁటిన పిమ్మటఁ దంతి తెగి మునిఁగెను. వారు నిరుత్సాహపడలేదు. 1866 జూలై 13న మరల బయలుదేఱి 27వ తేదిని న్యూఫౌండ్లండు తీరము చేరిరి. అంతటితోఁ దనియక, వెనుకటి యేఁట మునిఁగిన తంతిని గూడ గాలములతో రెండుమైళ్ల లోఁతునుండి పైకెత్తి, యతికి, సెప్టెంబరు 8వ తేదికిఁ బూర్తిచేసిరి. తెగిన పోఁగును వెదకి యతుకుట నేఁతగానికిఁ గ్రొత్తగాదు; కాని యీ యతుకు మహాసముద్రమధ్యమునఁ బడెను. తొలుత 20 మాటల వార్తకు వెల 20 పౌనులు. అయినను గిరాకి యుండెను.

భారతదేశపు బాట

1865 మొదలు మన దేశమునుండి యింగ్లండునకుఁ దుర్కీరాజ్యము మీఁదుగ నేలతంతి యుండెను. కాని నానాభాషల తంతియుద్యోగుల చేతులు మాఱి వచ్చునప్పటికి వార్త దినములకొలఁది యాలసించి, రూపు చెడి, యర్థము గాకుండెడిది. పాఠభేదములు తొడిగిన వ్రాఁతప్రతి యెట్లుండునో మా వంటి పండితవృత్తివారికిఁ దెలియును. పరుల నేలపై నడువక సముద్రముననే నడచు బాట కావలెనని పెండరు నిశ్చయించెను.

దానికి మూలధనము సమకూడిన విధము గమనింపఁదగినది. బ్రిటనులోని నేలతంతి కంపెనీలను ప్రభుత్వము కొనివేయుటకు 1868లోఁ జట్టము పుట్టి, 1870లో నమలు జరిగెను. వాటాదారులకు విశేషధనము చేతికందెను. ఆ ధనమును పెండరు సముద్రమువైపునకుఁ ద్రిప్పెను. ఫాల్మత్, జిబ్రాల్టరు, మాల్టా తంతి కొక కంపెనీ. మాల్టా, అలెగ్జాండ్రియా తంతి కొక కంపెనీ. సూయెజు, ఏడెను, బొంబాయి తంతి కొక కంపెనీ. ఒక తునుక మునిఁగినను తక్కినవి బ్రదుకవలెనని యీ యేర్పాటు. గ్రేట్ ఈస్టర్న్ నౌకకు, లోపలి తీఁగె యెండవేఁడిమికిఁ జెడకుండఁ దెల్లరంగు పూసి బొంబాయికిఁ బంపిరి. 1870 ఫిబ్రవరిలో నది బొంబాయినుండి యేడెను వఱకుఁ దంతి పఱచెను. ఇంగ్లండు కొనయందుఁ దంతి ఫాల్మత్ రేవున గాక కార్న్‌వాల్ తీరమునఁ బోర్త్‌కర్నో యను చిన్న యిసుకపల్లమున నొడ్డెక్కెను.

1870 జూన్ 23వ తేది రాత్రి లండనులోని యార్లింగ్టన్ వీథిలోఁ బెండరు గృహమున మహోత్సవము జరిగెను. వేల్సు రాజకుమారుఁడు నా సభ కేతెంచెను. భారతదేశమునకుఁ బంపిన పలుకులకుఁ గొద్ది నిమిషములలోఁ బ్రతివచనములు వచ్చెను. ఓడమీఁదఁ బోయివచ్చుటకు నెలలు పట్టెడి ప్రశ్నోత్తరములు విందు ముగియులోపల ముగిసెను.

పిమ్మటి మజిలీ మన తీరమే. ఆంధ్రజిల్లాలకు నాఁడు రాజధాని యైన చెన్నపట్టణమునుండి పినాంగునకును, అచ్చటినుండి సింగపూరునకును 1870, 1871 సంవత్సరముల సంధిలోఁ దంతి పడెను. 1871లో సింగపూరునుండి హాంకాంగునకును, జావా మీఁదుగ నాస్ట్రేలియాయందలి డార్విను రేవునకును సాఁగెను. 1872లోఁ బడమటి కంపెనీలు నాలుగును గలసి ఈస్టర్న్ టెలిగ్రాఫు కంపెనీ యయ్యెను. 1873లోఁ దూర్పు కంపెనీలు కలసి ఈస్టర్న్ ఎక్స్‌టెన్షన్ కంపెనీ యయ్యెను. రెండింటికిని నధ్యక్షుఁడు పెండరే. 1879లో నేడెనునుండి యాఫ్రికా తూర్పుతీరమున డర్బాను వఱకుఁ దంతి పోయెను.

టోకు వర్తకము

ఈతని వ్యాపారమర్మము మన వర్తకుల భాషలోఁ జెప్పవలెనన్న నది టోకు బేరము. చెన్నపట్టణపు వర్తకుఁడు లండనునకు వార్త పంపునపుడు బల్లయొద్దఁ బైకము పుచ్చుకొని వార్త నందుకొనుట చిల్లర బేరము. ఆ వార్త బొంబాయి వఱకు భారతప్రభుత్వపు నేలతంతిమీఁదను, సూయెజునుండి యలెగ్జాండ్రియా వఱకు నైగుప్తునేలమీఁదను, పోర్త్‌కర్నోనుండి లండనునకు బ్రిటిషు తపాలావారి తంతిమీఁదను బోయెడిది. నడుమనుండు సముద్రమంతయుఁ బెండరుది. ఆయా దేశముల తంతిశాఖలు తమ పాలు తాము తీసికొని, సముద్రపు పాలు ఆతని కంపెనీల కిచ్చెడివి. ప్రభుత్వములును, వార్తాసంఘములును, బ్యాంకులును ఆతనికి మూటగట్టు బేరగాండ్రు. ఎవరు కొన్నను, ఎవరు అమ్మినను, ఎవరు లాభించినను, ఎవరు నష్టపడినను, బాటవానికి సుంకము ముట్టెడిది.

ప్రతిపక్షులను సయితము ఆతఁడు లెక్కలోనికిఁ దెచ్చుకొనెను. భారతదేశమునకుఁ బారసీకము మీఁదుగ వేఱొక తంతి గలదు. వెల తగ్గించి యొండొరులఁ జెఱచుకొనుటకంటె రాఁబడి నొక్కచోఁ గూర్చి పాళ్లు పంచికొనుట మేలని 1878లో నొడంబడిక జరిగెను. 1873లో ‘గ్లోబు’ అను ధర్మకర్తృసంఘమును స్థాపించి, పలు తంతికంపెనీల వాటాల నందుఁ జేర్చెను. ఒక వాటా కొన్నవానికిఁ బెక్కు తంతులలో భాగము గలుగును గనుక నొక్క తంతి తెగినను సామాన్యుని ధనము మునుఁగదు. మచిలీబందరు బట్టకై వచ్చిన యోడ పేరును, లోకపు తంతులను మూటగట్టిన సంఘము పేరును నొకటియే యగుట విచిత్రము.

మాటకు వెల గట్టుటచే మితభాషిత్వము ధన మయ్యెను. వర్తకులు వాక్యమంతటికి నొక్క సంకేతపదమును గల్పించి కోశములు వ్రాసికొనిరి. సూత్రమున నర్ధమాత్ర తగ్గిన నుత్సవము చేసికొను మన వైయాకరణుల మనస్సు ఆ వర్తకులకు లాభాపేక్షచేఁ బట్టుపడెను.

దోషములు

చరిత్రము వ్రాయువాఁడు వందిమాగధుఁడు గారాదు. పెండరు 1862లోఁ బార్లమెంటు సభ్యుఁ డయ్యెను గాని, 1865 నాఁటి యెన్నికలో లంచములు నడచెనని వచ్చిన యభియోగమున 1866లో నా స్థానమును గోల్పోయెను. పిమ్మట 1872 మొదలు 1885 వఱకును, 1892 మొదలు 1896 వఱకును విక్ పట్టణములకుఁ బ్రతినిధియై యుండెను. తంతుల కొఱకు గట్టాపెర్చా వృక్షములను గూలనఱికి పాలుదీయుటచే మలయా ప్రాంతపు టడవులు పలుచోట్ల నిశ్శేషములయ్యెను. ఆతని మూలధనమున మన వంటి నేఁతవారి యన్నము గొంత కలసియున్నదని మఱవరాదు.

అన్నిఁటికంటె బాఠము చెప్పునది వెల విషయము. ఇంగ్లండునకు నాస్ట్రేలియానుండి మాట యొక్కటికి 9 షిల్లింగుల 4 పెన్నీలు చెల్లింపవలసియుండెను. అచ్చటి రాష్ట్రములు నష్టములో సగము భరించుట కొడంబడిన పిదపఁ గాని 1891లో నది 4 షిల్లింగులకు దిగలేదు. కెనడాకు నాస్ట్రేలియాకు నడుమఁ బ్రభుత్వములు ప్రజాధనముతోఁ దంతి వేయవలెనని యాందోళనము పుట్టఁగా పెండరు దాని నెదిరించెను. అయినను ఆతని మరణానంతరము 1902లో నా పసిఫికు తంతి పూర్తియయ్యెను. బాట సుంకము మితిమీఱినచోఁ బ్రజలు వేఱొక బాట వేసికొందురు.

1888లో ‘సర్’ బిరుదు పొందిన పెండరు 1896 జూలై 7వ తేదిని దివంగతుఁ డయ్యెను. అప్పటి కాతఁడు స్థాపించిన తంతి కంపెనీలు 30కిఁ బైగా నుండెను. లోకపు సముద్రతంతులలో నించుమించు మూఁడవపాలు వాని యధీనమున నుండెను. ఆ కంపెనీలు 1929లో నిస్తంత్రీ కంపెనీతోఁ గలసి, 1934లోఁ ‘కేబుల్ అండ్ వైర్‌లెస్’ అను పేరు దాల్చెను. 1947లో బ్రిటిషు ప్రభుత్వముపర మయ్యెను. పోర్త్‌కర్నో నేఁడు ప్రదర్శనశాల.

నేఁటి బాటలు

కంపెనీలు పోయెను గాని బాటలు పోలేదు. మన చేతిలోని దూరవాణి యాకాశమార్గముననే మాటలాడునని పలువు రనుకొందురు. ఖండాంతరములకుఁ బోవు సమాచారములో నూటికి 95 పాళ్లకుఁ బైగా నేఁటికిని సముద్రగర్భపుఁ దీఁగెలలోనే నడచుచున్నది. రాగితీఁగెకు బదులు వెండ్రుకవంటి గాజుపోఁగు వచ్చినది. విద్యుత్తునకు బదులు వెలుఁగు వార్తను మోయుచున్నది. 2002లోఁ జెన్నపట్టణమునుండి సింగపూరునకుఁ బడిన తీఁగె 1871 నాఁటి తంతి కలిపిన రేవులనే మరలఁ గలిపినది. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థవారు విశాఖపట్టణమున మహాగణనకేంద్రమును, దానితోఁ గూడ సముద్రపుఁ దీఁగెలకు ద్వారమును నిర్మింప సంకల్పించినట్లు ప్రకటించిరి. మన తీరమునకు మరల బాట వచ్చుచున్నది. ఈ మాఱు మనము బాటప్రక్కఁ గూలివారమై నిలుతుమా, బాటలో భాగస్థుల మగుదుమా యనునదియే ప్రశ్న.

మన కర్తవ్యము

2009-10 నాఁటి చేనేఁత గణనమున దేశమంతట చేనేఁతపనివారు 43 లక్షలకుఁ బైగా నుండిరి. 2019-20 నాఁటి గణనమున 35 లక్షలకుఁ గొంచె మెక్కువగా మిగిలిరి. బట్ట చెడ్డదై యీ క్షయము గలిగినది కాదు. మంగళగిరి, వెంకటగిరి, ఉప్పాడ, గద్వాల, పోచంపల్లి పేళ్లు చెప్పినఁ జాలు, బేరగాండ్రు చేతులు చాపుదురు. కాని మగ్గమునకును, కట్టుకొనువానికిని నడుమనున్న బాట మనది కాదు. నాఁడు దుబాసీలు, పిమ్మట నూలు సాహుకారులు, నేఁడు తెరమీఁదఁ గొట్టు తెఱచిన మహాసంస్థలు. పేళ్లు మాఱినవి, బాట సుంకము మాఱలేదు. చేనేఁత సహకారసంఘముల కొఱకుఁ జిరకాలము పాటుపడిన కీర్తిశేషులు ప్రగడ కోటయ్యగారు నేఁతవాఁడు తన బాటకుఁ దానే యజమానుఁడు గావలె ననియే శ్రమించిరి.

పెండరు చరిత్రమునుండి మనము గ్రహింపవలసినవి మూఁడు. మొదటిది: వార్తయు సరకే. వెల తెలియని నేఁతగాఁడు తన పట్టుచీరను నూలుచీర వెలకు నమ్ముకొనును. రెండవది: నష్టమును పంచుకొనిన కొలఁది ధైర్యము పెరుఁగును. ఒక్కఁడు లక్ష పెట్టి మునుఁగుటకంటె వేయిమంది నూఱేసి పెట్టి పది పనులలో భాగస్థులగుట మేలు. మూఁడవది: లోకులు నవ్వు కాలముననే పూచీ పడువాఁడు కావలెను. 1864లో నా పూచీ లేకున్న 1866 లేదు.

మన మహాసభ సత్రములు గట్టినది, విద్యార్థులకు వసతిగృహములు గట్టినది. దాతల కీర్తి చిరస్థాయి యగుఁగాక. ఆ దానములకుఁ దోడుగా మూలధన మొకటి కూర్చి, మన బాలురును బాలికలును సముద్రతంతుల విద్యను, గణకశాస్త్రమును, వర్తకన్యాయమును నేర్చునట్లు విద్యార్థివేతనము లేర్పఱుపవలెనని మా మనవి. అట్లు నేర్చినవారు మన సహకారసంఘముల విక్రయశాలను దామే నడపఁగలరు. దానిలోఁ బ్రతి నేఁతగానికిని వాటా యుండవలెను. సుంకము మితముగ నుండవలెను. పరులు చేసిన దోషమును మన బాటమీఁద మనమే చేయరాదు.

మార్కండేయ భగవానుఁడు సభవారికిని, పోషకమహాశయులకును నాయురారోగ్యైశ్వర్యముల నొసఁగి, మగ్గము శబ్ద మాఱకుండునట్లనుగ్రహించుఁగాక.

స్వస్తి.